అటక మీది చక్రం

కావలి

చిన్నోడా, బుజ్జీ,

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు అటక మీద నుంచి దించి స్టీరింగ్ అంటూ తిప్పారే, ఆ చక్రం సంగతి రాస్తానన్నాను కదా. అది మాగ్నెటిక్ టేపు. అర అంగుళం వెడల్పు, 2400 అడుగుల పొడవు. (విప్పి కొలవకండి, నా మాట నమ్మండి!) అందులో నక్షత్రాల ఫొటోలు ఉన్నాయి. ఫొటోలంటే బొమ్మలు కావు, వట్టి అంకెలు. ఫొటోను చిన్న చిన్న గడులు చేస్తే, ఒక్కో గడి ఎంత వెలిగిందో చెప్పే అంకె.

ఆ రోజుల్లో ఒక్కో అబ్జర్వేటరీది ఒక్కో రాత. పక్కవాళ్ల టేపు చేతికొస్తే చీటీ ఊడిపోయిన బియ్యం బస్తా వచ్చినట్టే. మొలగొలుకులో, ఇంకేవో, ఎవరికి తెలుసు? 1979లో అమెరికా, నెదర్లాండ్స్ ఖగోళ శాస్త్రవేత్తలు దీనికో దారి వెతికారు. దాని పేరు ఫిట్స్, అందరికీ ఒకటే రాత. ముందు చీటీ, వెనక అంకెలు. చీటీలో ఒక్కో వరుసకు 80 అక్షరాలు, అలాంటివి 36 వరుసలు ఒక మూట. అక్షరానికో బైటు, అంటే మూటకు 2880 బైట్లు. అంకెలనూ 2880 చొప్పునే మూటలు కడతారు. చివరి మూట నిండకపోతే సున్నాలతో నింపేస్తారు.

2880 ఎందుకంటారా? అది నాకు భలే ఇష్టమైన లెక్క. అప్పటి కంప్యూటర్లు కొన్ని 16 బిట్ల ముద్ద తినేవి, కొన్ని 36, కొన్ని 60. బైటుకు 8 బిట్లు, కాబట్టి 2880 బైట్లంటే 23,040 బిట్లు. భాగించి చూడండి, ఏ ముద్దకైనా శేషం రాదు.

ఒక టేపును ఫిట్స్‌లోకి మార్చి తెర మీద పెట్టాను. చుక్కలు లేవు, ఇసక చల్లినట్టుంది. రెండు రోజులు ఒకటే టెన్షన్. టేపు పాడైందనుకున్నాను. తీరా చూస్తే ఒక్కో అంకెకు రెండు బైట్లు, ఆ మిషను చిన్న విలువ బైటు ముందు రాసింది, ఫిట్స్‌లో పెద్ద విలువది ముందుండాలి. 1 అనే అంకె 256 అయి కూర్చుంది! జతలన్నీ తిరగేశాను. నల్లటి ఆకాశం మీద చుక్కలు ఒక్కసారిగా తేలాయి. ఒక్కణ్ణే గదిలో గట్టిగా నవ్వాను.

ఆ ఫైలు ఇప్పటి కంప్యూటర్లోనూ తెరుచుకుంటుంది, వేసవికి వస్తే చూపిస్తా. చక్రం మాత్రం బీరువాలో దాచాను. మీ అవ్వ దాన్ని ఊరగాయ జాడీ మీద మూతగా పెట్టబోయింది.

మీ తాత