శుక్రవారం సాయంత్రం ఎవరూ రారు: కమ్యూనిటీ కాలేజీ పరిచర్యపై అపోహలు - వాస్తవాలు

"కమ్యూనిటీ కాలేజీ పిల్లలకు వాక్యం మీద ఆసక్తి లేదండీ. రెండు నెలలు కూడిక పెట్టాం, ముగ్గురికి మించి రాలేదు." అమెరికాలోని తెలుగు క్రైస్తవ సంఘాల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ల కాలేజీ, అక్కణ్ణుంచి కొందరు నాలుగేళ్ల యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుతారు. ఎప్పుడు పెట్టారంటే, శుక్రవారం సాయంత్రం ఏడింటికట!

అపోహ: యూనివర్సిటీలో నడిచే పద్ధతే ఇక్కడా నడుస్తుంది.

వాస్తవం: చాలా కమ్యూనిటీ కాలేజీలకు హాస్టల్ ఉండదు. విద్యార్థి కారు పార్క్ చేసి, రెండు క్లాసులు విని, అటునుంచటే పనికి పోతాడు. కొందరికి ఇంట్లో చంటిపిల్లలు కూడా. రాత్రి కూడికకు రావాలంటే ఒక షిఫ్టు జీతం వదులుకోవాలి. దాన్ని ఆసక్తి లేకపోవడం అనడం అన్యాయం.

ముందు క్లాసుల టైమ్‌టేబుల్ చూడండి. ఎక్కువ క్లాసులు సోమ-బుధ, మంగళ-గురు జతలుగా ఉంటాయి. ఒక జత రోజుల్లో వచ్చేవాళ్లలో చాలామంది రెండో జత రోజుల్లో కనబడరు. అందుకే ఒకే పాఠం మంగళవారం ఒకసారి, బుధవారం ఒకసారి చెప్పాలి. కొన్ని కాలేజీల్లో మధ్యాహ్నం క్లాసులు పెట్టని 'కాలేజ్ అవర్' ఉంటుంది. ఉంటే అదే పట్టుకోండి.

మొత్తం యాభై నిమిషాలు. పది తిండికీ పలకరింపుకీ, ముప్పై వాక్యానికి, పది ప్రార్థనకు. మూడు పాటలతో మొదలుపెడితే వాక్యానికొచ్చేసరికి సగంమంది తర్వాతి క్లాసుకు లేచిపోతారు. మార్కు సువార్త 16 అధ్యాయాలు, సెమిస్టరు దాదాపు 16 వారాలు, లెక్క సరిపోయిందనుకుంటారు. సరిపోదు. మొదటి రెండు వారాలు యాడ్-డ్రాప్‌లో (క్లాసులు చేర్చుకుని, మానుకునే గడువు), ఒకటి సెలవుల్లో, చివరిది ఫైనల్స్‌లో పోతాయి. పది భాగాలు ఎంచుకోండి, ప్రతిదీ విడిగా అర్థమయ్యేలా ఉండాలి. నలుగురు మోసుకొచ్చిన పక్షవాయువు రోగి కథకు (2:1-12) పోయిన వారం పాఠంతో పనిలేదు. వచనాలు ఒక్క పేజీలో అచ్చువేసి, రాసుకోవడానికి అంచు వదిలి ఇవ్వండి. ఫోన్లో తీయమంటే వాట్సాప్ తెరుచుకుంటుంది.

నాయకత్వం దగ్గర ఇంకా పెద్ద దెబ్బ తగులుతుంది. నాలుగేళ్ల కాలేజీలోలా రెండో ఏడు దాకా ఆగి ఎన్నుకుంటే, పని నేర్చుకునేలోపే ట్రాన్స్‌ఫర్ అయిపోతాడు. మొదటి సెమిస్టరులోనే చిన్న పని అప్పజెప్పండి: గది బుకింగో, కొత్తవాళ్లను పలకరించే టేబుల్ దగ్గర నిలబడటమో. మార్చికల్లా బాధ్యత మార్చెయ్యాలి. కాలేజీలో రిజిస్టర్ చేసుకున్న విద్యార్థి క్లబ్బులు చచ్చేది వేసవిలోనే. ప్రెసిడెంటు వెళ్లిపోతాడు, క్లబ్బు తరఫున సంతకం పెట్టే కాలేజీ అడ్వైజర్ మారిపోతారు, ఆగస్టులో రిజిస్ట్రేషన్ గడువు దాటిపోతుంది. కొత్తవాళ్ల పేర్లు, అడ్వైజర్ ఒప్పుకోలు మే నెలలోనే తీసుకోండి.

అపోహ: ప్రభుత్వ కాలేజీలో ప్రార్థన నిషేధం.

వాస్తవం: కాదు. మిస్సోరి యూనివర్సిటీ కాన్సస్ సిటీ క్యాంపస్‌లోని కార్నర్‌స్టోన్ అనే విద్యార్థి బృందం కేసులో (విడ్మార్ వర్సెస్ విన్సెంట్, 1981) సుప్రీంకోర్టు తేల్చింది. మిగతా విద్యార్థి సంఘాలకు గదులిచ్చే ప్రభుత్వ విద్యాసంస్థ, మతపరమైనదన్న కారణంతో ఒక బృందానికి కాదనకూడదు. అయితే క్లబ్బు విద్యార్థులది. పాస్టరు గారు అక్కడ అతిథి, దరఖాస్తు మీద సంతకం ఆయనది కాదు. దరఖాస్తులు వెనక్కొచ్చేది ఎక్కువగా ఇక్కడే.

అపోహ: క్రైస్తవ క్లబ్బులో చేరితే ఎఫ్-1 (విదేశీ విద్యార్థి) వీసా పోతుంది.

వాస్తవం: భయపడి ఫోన్ చేసే పిల్లల తప్పేం లేదు, పుకారు పంపినవాళ్లను అనాలి. కూడికకు వెళ్లడం ఉద్యోగం కాదు. వీసా స్టేటస్‌కు ముప్పు వేరే చోట ఉంది: సాధారణంగా సెమిస్టరుకు 12 క్రెడిట్లు తగ్గకూడదు, అనుమతి లేకుండా జీతం తీసుకోకూడదు. ఆదివారం కీబోర్డు వాయించినందుకు సంఘం కవరులో డబ్బు పెట్టిస్తే అదే చిక్కు. పెద్దలూ, ప్రేమతోనైనా ఇవ్వకండి.

పిజ్జా పెడితే వస్తారనేది సగం నిజం. ఆకలితో వచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు. తిన్నాక వెళ్లిపోతే వెళ్లనివ్వండి.

ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్లను, వెళ్లే యూనివర్సిటీ ఏదో మేలోనే అడిగి, వాళ్లు సరేనంటే అక్కడి ఇంటర్‌వర్సిటీ లేదా క్రూ (క్యాంపస్‌లలో పనిచేసే క్రైస్తవ సంస్థలు) వాళ్లకు వాళ్ల నంబరు ఇవ్వండి. ఆగస్టు దాకా ఆగితే ఆలస్యం.