కంచకు కంచె పడితే: మన గొర్ల బాట గొడవ, చిలీలో జరిగిన కథ

అచ్చంపేట వైపు మా మండలంలో కంచె గొడవ ఈ వారం మళ్లీ రాజుకుంది. అమెరికాలో పాతికేళ్లు వ్యాపారం చేసి తిరిగొచ్చిన ఒకాయన రెండేళ్ల కింద ఇక్కడ 40 ఎకరాల బీడు కొన్నాడు. ప్లాట్లు చేసి అమ్ముకోవడానికి కాదు, అడవి పెంచడానికి. బడికి గదులు కూడా కట్టించాడు. ఆ పని మంచిదని ఊళ్లో అందరూ ఒప్పుకుంటారు. కానీ చుట్టూ కడీలు పాతి ముళ్లతీగ కట్టించాడు. గొర్ల బాట ఆ తీగ లోపలికి పోయింది. మొన్న రాత్రి ఎవరో తీగ కోశారు. తెల్లారేసరికి రెండు పక్షాలూ తహసీల్దార్ ఆఫీసు ముందున్నాయి.

ఆయన తరఫున మాట్లాడేవాళ్లు రెండు రోజులుగా ఒకే పేరు చెబుతున్నారు: డగ్లస్ టాంప్‌కిన్స్. చిలీలో అడవులు కొన్న ఆ అమెరికన్‌ను కూడా మొదట్లో జనం అనుమానించారని, చివరికి ఆ భూములే జాతీయ పార్కులయ్యాయని, ఇక్కడా కొంచెం ఓపిక పడితే చాలని వాళ్ల వాదన. కథ నిజమే. అయితే వాళ్లు నడిమిట్ల భాగం వదిలేసి చెబుతున్నారు. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది.

టాంప్‌కిన్స్ నార్త్ ఫేస్ అనే కొండలెక్కే సామాన్ల కంపెనీ పెట్టడం, ఎస్ప్రీ బట్టలతో కోట్లు గడించడం చాలామందికి తెలిసిందే. 1990 నాటికి వ్యాపారంలో వాటా అమ్మేసి, ఆ డబ్బుతో డీప్ ఎకాలజీ పేరిట ఒక ఫౌండేషన్ పెట్టాడు. 1991లో చిలీ దక్షిణాన రెన్యివే అనే చోట పెద్ద ఎస్టేటు కొన్నాడు. తర్వాత పక్క భూములు కొంటూ పోయాడు. మొత్తం దాదాపు 7 లక్షల ఎకరాలైంది. పుమలీన్ పార్కు అంటే అదే.

చిలీ పటం చూసినవాళ్లకు తెలుసు, ఆ దేశం సన్నటి పట్టీలా ఉంటుంది. అటు సముద్రం, ఇటు అర్జెంటీనా సరిహద్దు. ఒక పరాయి దేశస్థుడి భూమి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకుంటే దేశం రెండు ముక్కలైనట్టు కాదా అని అక్కడివాళ్లు అడిగారు. నీళ్లు ఎత్తుకుపోతాడని, అణు చెత్త పాతిపెడతాడని, యూదుల కోసం ఇంకో దేశం కడతాడని పుకార్లు లేచాయి. ఆయనకు చంపుతామన్న బెదిరింపులూ వచ్చాయి. ఆ పుకార్లలో ఏదీ నిజం కాలేదు. అయినా అవి ఎందుకు నిలబడ్డాయో చూడాలి. కొనడం ముందు జరిగింది, ఎందుకు కొంటున్నాడో జనానికి చెప్పడం తర్వాత జరిగింది. కాగితాలు లేకుండా తరాలుగా కాపురముంటున్న చిన్న రైతులను వెళ్లగొడుతున్నాడని ఆరోపణ వచ్చింది. ఎక్కడో పట్నాల్లో ఉండే యజమానుల దగ్గరే ఎక్కువ భాగం కొన్నానని ఆయన అన్నాడు. అది నిజమే అనుకున్నా, పట్నంలో ఉన్న యజమాని సంతకం పెడితే అక్కడ మేపుకునే మనిషి సంగతి తేలినట్టు కాదు.

కథ మలుపు తిరిగింది 1997లో. ఆ ఏడాది ఆయన చిలీ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాడు. ఆనుకుని ఉన్న భూములు కొంతకాలం కొననని మాటిచ్చాడు. ఉన్న భూమిని రక్షిత ప్రాంతంగా ప్రకటించే దారి ప్రభుత్వం చూడాలి. పార్కుకు సరిగ్గా మధ్యలో ఉన్న వినాయ్ అనే భాగం ఆయనకు దక్కలేదు, అది ఒక కరెంటు కంపెనీ చేతికి పోయింది. డబ్బుండి కూడా ఆయన ఆగాల్సి వచ్చింది. 2005లో పుమలీన్‌కు ప్రకృతి అభయారణ్యం హోదా వచ్చింది. అప్పటికే జనం టికెట్ లేకుండా లోపలికి వెళ్లి, డేరాలు వేసుకుని, బాటల వెంట తిరిగి వస్తున్నారు. చుట్టూ చిన్న పొలాలు, తేనె, ఉన్ని పనులు నడిచాయి. జనం మనసు మెల్లగా మారడం అప్పటి నుంచే. చెట్లు అంతకుముందూ ఉన్నాయి. కొత్తగా వచ్చింది జనానికీ ప్రభుత్వానికీ ఇచ్చిన మాట.

ఇక కంచె సంగతి. 2004లో టాంప్‌కిన్స్ దంపతులు చిలీ దక్షిణాన ఉన్న చకబూకో లోయలో 1,70,000 ఎకరాలకు పైగా ఉన్న గొర్రెల ఎస్టేటు కొన్నారు. మొదలుపెట్టిన పెద్ద పనుల్లో ఒకటి తీగ పీకడం. వలంటీర్లు ఏళ్ల తరబడి శ్రమించి 600 కిలోమీటర్లకు పైగా కంచె ఊడదీశారు, గ్వానకోలు (మన దుప్పుల్లా గుంపులుగా మేసే జంతువులు) అడ్డం లేకుండా తిరగాలని. మన ఊళ్లో ఆయన పేరు చెప్పి కంచె కడుతున్నవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి.

కానీ అక్కడి గొర్ల కాపరుల మాటా వినాలి. కంచెతో పాటు వేల గొర్రెలు కూడా పోయాయి. వాటిని మేపే గౌచోల పని, వాళ్ల పండుగలు, వాళ్ల తిండి ఆ మందల చుట్టూ అల్లుకున్నవే. ప్యూమాలు (అక్కడి పెద్ద అడవి పిల్లులు) పెరిగి పక్క పొలాల గొర్రెల మీద పడుతున్నాయని పక్క రైతులు మొత్తుకున్నారు. గ్వానకోలు తమ గడ్డి తినేస్తున్నాయన్నారు. టాంప్‌కిన్స్ లేని పటగోనియా (చిలీ, అర్జెంటీనాల దక్షిణ ప్రాంతం) కావాలని కార్ల మీద స్టిక్కర్లు అతికించుకున్నారు. పార్కులో గైడు ఉద్యోగాలు వచ్చిన మాట నిజమే. ముప్పై ఏళ్లు మంద వెంట నడిచిన మనిషికి టూరిస్టుకు దారి చూపించే పని దాంతో సమానమని చెప్పలేం.

టాంప్‌కిన్స్ నమ్మిన డీప్ ఎకాలజీ తత్వం నార్వే ఆలోచనాపరుడు ఆర్నె నాస్‌ది. మనిషికి పనికొచ్చినా రాకపోయినా ప్రతి జీవికీ దాని విలువ దానికుంది అన్నది దాని సారం. నాస్ గాంధీని లోతుగా చదివినవాడు. ఆ మాట మనకు కొత్తది కాదు, చీమలకు చక్కెర వేసే ముసలమ్మలు మన ఊళ్లలో ఉన్నారు. అయితే ఆ తత్వం అమెరికా నుంచి మన దేశానికి వచ్చేసరికి ఏమవుతుందో చరిత్రకారుడు రామచంద్ర గుహ 1989లోనే రాశారు. మనుషులు లేని అడవి అనే ఊహను ఇక్కడికి తెస్తే దాని భారం పేదల నెత్తిన పడుతుందని, పులుల రక్షణ పేరుతో అదే జరిగిందని ఆయన వాదన.

మనకు ఆ సంగతి దూరంది కాదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. అందులో చెంచు పెంటలు, అంటే చెంచుల చిన్న గూడేలు, ఉన్నాయి. ఊరు వదిలితే కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అంటారు. తేనె, జిగురు, గడ్డలు ఎక్కడ దొరుకుతాయో తెలిసిన మనిషికి ఆ లెక్క ఎలా సరిపోతుందో నాకు అర్థం కాదు. 2019లో ఇదే అడవిలో యురేనియం వెతుకుతామన్నప్పుడు చెంచులు, ఊళ్లవాళ్లు, విద్యార్థులు కలిసి నిలబడ్డారు. ఆ సెప్టెంబర్‌లో శాసనసభ కూడా తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అడవిని కాపాడటానికి ఊళ్లను ఖాళీ చేయించాల్సిన పని లేదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మన దగ్గర మేత బీడును కంచ అంటారు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవతో ఆ మాట రాష్ట్రమంతా వినబడింది. చుట్టూ కట్టేది కంచె. కంచలో సీతాఫలాలు ఏరుకునేవాళ్లు, తంగేడు పూలు కోసుకునేవాళ్లు, మందలు తోలుకునేవాళ్లు ఉంటారు. కాగితంలో మాత్రం పట్టాదారు పేరొక్కటే ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం మేతకూ, సంచార కాపరులకూ హక్కు చెప్పింది కానీ అది అటవీ భూమికే. పట్టా భూమిలో పోయిన కాలిబాటకు గ్రామ నక్షలో గీత ఉంటే బతుకుతుంది, లేకపోతే లేదు.

సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణ పెంచిన 70 ఎకరాల అడవిని కూడా ఈ వాదనలోకి లాగుతున్నారు. ఆయన బయటి నుంచి వచ్చి కొన్నవాడు కాదు. బ్యాంకు ఉద్యోగం వదిలి నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల మీద జనంతో కలిసి కొట్లాడిన మనిషి, తాతల భూమి మీద పెంచాడు. ఆ పోలిక ఇక్కడ నప్పదు.

టాంప్‌కిన్స్ 2015 డిసెంబర్ 8న పటగోనియాలోని ఒక సరస్సులో కయాక్ బోల్తా పడి, చల్లటి నీళ్ల దెబ్బకు చనిపోయాడు. 2018 జనవరిలో ఆయన భార్య క్రిస్, అధ్యక్షురాలు మిషెల్ బాచెలెట్ కలిసి సంతకాలు చేశారు. 10 లక్షల ఎకరాలు చిలీ ప్రజల ఆస్తి అయ్యాయి. ప్రభుత్వం తన వైపు నుంచి ఇంకో 90 లక్షల ఎకరాలు కలిపింది. అంత భూమి ఇచ్చేసిన మనిషి మీద నాకు గౌరవం ఉంది. మా మండలంలో 40 ఎకరాలు ఎవరి పేరు మీదకు పోతాయో మాత్రం ఇప్పటిదాకా ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

మొక్కలు చిన్నవి, మంద పడితే మిగలవు, మూడేళ్లు ఓపిక పట్టండి అని భూమి కొన్నాయన అంటున్నాడు. అందులో నిజముంది. అడవి వద్దని కాపరులు కూడా అనట్లేదు, మంద పోయేంత వెడల్పు బాట విడిచి రెండు పక్కలా తీగ కట్టుకోమంటున్నారు. నిన్న పొద్దున నేను వెళ్లి చూశాను. కడీల దాకా బాట నున్నగా, తెల్లగా ఉంది, పెంటికలు పరుచుకుని. తీగ అవతల అదే బాట మీద అడుగున్నర ఎత్తు వేప మొక్కలు, ఒక్కోదానికి నీళ్ల పైపు. కోసిన తీగకు కొత్త ముడి వేశారు. మంద ఇప్పుడు వాగు చుట్టూ తిరిగి చెరువుకు పోతోంది. సర్వేయర్ నక్ష పట్టుకుని వస్తాడన్నారు, ఏ రోజో చెప్పలేదు.