రాయి నుంచి లేజర్ దాకా: పనిచోట కంటి రక్షణపై అపోహలు, వాస్తవాలు

ఒంగోలులో కంటి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నందువల్ల చీమకుర్తి క్వారీల నుంచీ, పాలిషింగ్ యూనిట్ల నుంచీ, చుట్టుపక్కల వెల్డింగ్ షాపుల నుంచీ కంట్లో నలుసుతో వచ్చేవారిని తరచుగా చూస్తుంటాను. వారిలో ఏ రక్షణా లేకుండా పనిచేసినవారు కొందరైతే, గాయపడిన సమయానికి అద్దాలు పెట్టుకునే ఉన్నవారు మరికొందరు. ఈ రెండో రకం వారు జేబులోంచి తీసి చూపించే అద్దాలను చేతిలోకి తీసుకుంటే, అవి చెడ్డవి కాకపోయినా ఆ పనికి పనికివచ్చేవి కావని వెంటనే అర్థమవుతుంది. అద్దాలు పెట్టుకోమని చెప్పేవారు ఇప్పుడు ప్రతిచోటా ఉన్నారు గాని, ఏ పనికి ఏ అద్దాలో విడమరచి చెప్పేవారు తక్కువ. కంటి మీదకు వచ్చేది ముక్కా, ద్రవమా, ధూళా, కాంతా, అది ఏ దిక్కు నుంచి వస్తుంది, ఎంత తీవ్రతతో వస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతే దుకాణానికి వెళ్ళాలని నేను అందరికీ చెబుతాను.

అపోహ: చూపు అద్దాలు ఉన్నవారికి వేరే రక్షణ అద్దాలు అవసరం లేదు.

చూపు అద్దాలను అక్షరాలు కనబడటానికి తయారుచేస్తారు, దెబ్బను ఆపటానికి కాదు. వేగంగా వచ్చిన రాతి ముక్క తగిలితే మామూలు గాజు అద్దం పగులుతుంది, ఆ పెంకులు కూడా కంట్లోకే వెళతాయి. ప్లాస్టిక్ అద్దమైతే పగలకపోయినా ఫ్రేములోంచి ఊడి వెనక్కి రావచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, పక్కల నుంచీ కనుబొమ్మల పైనుంచీ ఉండే ఖాళీని ఆ ఫ్రేములు మూయలేవు. గ్రైండింగ్ చేసేటప్పుడు రజను ఎదురుగా మాత్రమే రాదు, చెంపకు తగిలి కూడా లోపలికి ఎగురుతుంది. పవర్ ఉన్నవారు తమ నంబరుతోనే పాలికార్బొనేట్ (దెబ్బకు సులువుగా పగలని గట్టి ప్లాస్టిక్) అద్దాలను, పక్క కవచాలున్న రక్షణ ఫ్రేములో చేయించుకోవచ్చు. అంత వీలు లేనివారు చూపు అద్దాల మీదుగా పట్టే పెద్ద గాగుల్స్ వాడవచ్చు.

అపోహ: అద్దం మందంగా, గట్టిగా ఉంటే ఏ ముక్కనైనా ఆపుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. చేతితో పట్టుకునే 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ లెక్కన డిస్క్ అంచు వేగం సెకనుకు సుమారు 58 మీటర్లు, అంటే గంటకు 200 కిలోమీటర్లకు పైమాటే. డిస్క్ పగిలితే దాని ముక్క దాదాపు ఆ వేగంతోనే బయలుదేరుతుంది. అటువంటి దెబ్బను ఏ అద్దం తట్టుకుంటుందో దాని మందాన్ని బట్టి గాని, ధరను బట్టి గాని చెప్పలేము. పరీక్షించి వేసిన ముద్రను బట్టే చెప్పగలము.

ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 166 ప్రకారం 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండును అద్దం మీదకు ప్రయోగించి చూస్తారు. ఆ గుండు సెకనుకు 45 మీటర్ల వేగంతో వచ్చినా తట్టుకుంటే ‘ఎఫ్’ అనీ, 120 మీటర్లకు ‘బీ’ అనీ, 190 మీటర్లకు ‘ఏ’ అనీ ముద్ర వేస్తారు. కళ్ళజోడు ఆకారంలో ఉండే రక్షణ అద్దాలు ‘ఎఫ్’ స్థాయిని దాటలేవు. ‘బీ’ స్థాయి కావాలంటే ముఖానికి అతుక్కుని ఉండే గాగుల్స్, ‘ఏ’ స్థాయికి ముఖ కవచం ఉండాలి. ఆ అక్షరం పక్కన ‘టీ’ కూడా ఉంటే, 55 డిగ్రీల వేడిలోనూ, సున్నాకు 5 డిగ్రీల దిగువ చలిలోనూ అదే పరీక్ష నెగ్గిందని అర్థం. మే నెలలో నల్లరాతి క్వారీలో మధ్యాహ్నం పనిచేసేవారికి ఈ ‘టీ’ అక్షరం ఊరికే రాసినది కాదని నా అభిప్రాయం. అమెరికా ప్రమాణం పాటించిన వాటి మీద జెడ్87 అని ఉంటుంది, దాని పక్కన కూడిక గుర్తు ఉంటేనే అధిక వేగపు దెబ్బకు పరీక్షించినట్టు. మన దేశంలో ఇందుకు ఐఎస్ 5983 ఉంది. ఈఎన్ 166 స్థానంలోకి ఐఎస్ఓ 16321 వచ్చినా పాత ముద్రలతో ఉన్న సరుకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఏ ప్రమాణమైనా అద్దం మీదా, ఫ్రేము మీదా విడివిడిగా చూడండి. రెండింటి స్థాయిలు వేరైతే, తక్కువగా ఉన్నదే ఆ జోడు స్థాయి అవుతుంది.

ముక్క చిన్నదే కదా అని తేలికగా తీసుకునేవారికి మరొక సంగతి చెప్పాలి. సమ్మెట దెబ్బలకు తల విచ్చుకున్న ఉలి అంచు నుంచి లేచే ఇనుప పెచ్చు ఒక్కొక్కసారి నల్లగుడ్డును చీల్చుకుని కంటి లోపలికే వెళ్ళిపోతుంది. ఆ క్షణంలో చురుక్కుమంటుంది, కాసేపటికి నొప్పి తగ్గుతుంది, చూపు కూడా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. లోపల మిగిలిన ఇనుము నెలల తరబడి కరుగుతూ కంటి నరపు పొరను దెబ్బతీస్తుంది. ఇనుము కొట్టే పనిలో కంటికి దెబ్బ తగిలిన ప్రతి ఒక్కరూ ఆ మాట డాక్టరుకు విడిగా చెప్పాలి. కంట్లో ఇనుప ముక్క ఉండవచ్చన్న అనుమానం ఉన్నప్పుడు, అది లేదని తేలేవరకు ఎంఆర్ఐ తీయకూడదు, ఆ అయస్కాంతం ముక్కను కదిలిస్తుంది. తోటి పనివాడు అగ్గిపుల్లతోనో, తువ్వాలు కొసతోనో నలుసు తీయటం మన దగ్గర సాయంగా భావిస్తారు. అలా గీరించుకుని వచ్చిన కళ్ళకు వైద్యం చేయటం నలుసు తీయటం కన్నా కష్టం.

అపోహ: ముఖమంతా కప్పే షీల్డ్ ఉంటే లోపల అద్దాలు అక్కరలేదు.

షీల్డ్ కింది భాగం, పక్కలు తెరిచే ఉంటాయి. మాట్లాడటానికి దాన్ని పైకెత్తిన మరుక్షణం కన్ను బయటే ఉంటుంది. అందుకే షీల్డ్ రెండో పొర, లోపలి అద్దాలే మొదటి పొర. క్వారీలో వైర్‌సా (వజ్రపు పూసలు గుచ్చిన తీగతో బండను కోసే యంత్రం) నడిపేవారికి ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. డైమండ్ వైరు తెగినప్పుడు ఊడిపోయే పూసలు తుపాకీ గుండ్లలా వస్తాయి, వాటికి ఏ కళ్ళద్దాలూ జవాబు కావు. వైరు తిరిగే వరుసలో ఎవరూ నిలబడకుండా చూడటం, గార్డు బిగించటం మాత్రమే అక్కడ రక్షణ. అద్దాలు ఎంపిక చేసేటప్పుడు అద్దాలతో తీరని ప్రమాదం ఏదో గుర్తించటం కూడా ఆ ఎంపికలో భాగమే.

అపోహ: వెల్డింగ్‌కు నల్లద్దాలు చాలు, ఎంత నల్లగా ఉంటే అంత మంచిది.

ఈ అపోహ వల్ల రాత్రిపూట ఆసుపత్రి తలుపు తట్టేవారు ఎక్కువ. వెల్డింగ్ వెలుగులో కంటికి కనబడే కాంతితో పాటు కనబడని అతినీలలోహిత, పరారుణ కిరణాలు ఉంటాయి. రోడ్డు పక్కన కొన్న నల్లద్దం వెలుగును తగ్గించి కంటిపాపను విప్పారేలా చేస్తుంది, అది అతినీలలోహిత కిరణాలను ఆపే రకం కాకపోతే, విప్పారిన కంటిపాప గుండా అవి మరింతగా లోపలికి వెళతాయి. రంగే లేని తెల్లటి పాలికార్బొనేట్ ఈ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుందని చెబితే చాలామంది నమ్మరు, కాని అది నిజం. అయితే వెల్డింగ్ ఆర్క్ వెలుగు తీక్షణతను అది ఆపలేదు గనుక, వెల్డింగ్ చేసేవారికి షేడ్ నంబరు (అద్దం ఎంత నల్లగా ఉందో చెప్పే అంకె) ఉన్న ఫిల్టరు తప్పనిసరి. గ్యాస్ కటింగ్‌కు 3 నుంచి 6, గ్యాస్ వెల్డింగ్‌కు 4 నుంచి 8, రాడ్‌తో చేసే ఆర్క్ వెల్డింగ్‌కు ఆంపియర్లను బట్టి సాధారణంగా 10 నుంచి 13 వాడతారు. గ్యాస్ పనికి కొన్న 5వ నంబరు గాగుల్స్‌తో ఆర్క్ వేయటం మేము చూసే తప్పులలో ఒకటి. అవసరానికి మించి నల్లగా ఉన్నది కూడా మంచిది కాదు, పని కనబడక మనిషి ముఖాన్ని మరింత దగ్గరికి తీసుకువెళతాడు, లేదా హెల్మెట్ ఎత్తి చూస్తాడు. వెల్డింగ్ రక్షణ పరికరాలకు మన ప్రమాణం ఐఎస్ 1179.

‘వెల్డింగ్ కొట్టింది’ అని మనవాళ్ళు చెప్పే బాధ వెంటనే మొదలవదు. 6 నుంచి 12 గంటల తరువాత కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీరు కారటం, వెలుతురు చూడలేకపోవటం మొదలవుతాయి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో నల్లగుడ్డు పై పొర తిరిగి కట్టుకుంటుంది. ఈ లోగా చనుబాలు, ఆముదం వంటివి కంట్లో వేస్తే లాభం లేదు, సూక్ష్మక్రిములు చేరే ప్రమాదం ఉంది. అంతకన్నా నేను భయపడేది మందుల షాపులో తిమ్మిరి చుక్కలు కొని గంటగంటకూ వేసుకోవటానికి. నొప్పి తెలియకుండా పోతుంది గాని గాయం మానదు, నల్లగుడ్డు కరిగి చూపే పోవచ్చు. పక్కన రాడ్లు అందించే హెల్పరు కూడా ఇదే బాధతో వస్తాడు గనుక, అతనికి తెల్లటి పాలికార్బొనేట్ అద్దాలు, వెల్డింగ్ చోటు చుట్టూ తెర ఉండాలి. స్లాగ్ (అతుకు మీద గట్టిపడిన పెంకు) కొట్టేటప్పుడు వెల్డరు హెల్మెట్ ఎత్తుతాడు గనుక అతనికీ లోపల అవే అద్దాలు కావాలి.

అపోహ: ముక్కలను ఆపే అద్దాలు రసాయనాలనూ ఆపుతాయి.

నెల్లూరు, ప్రకాశం తీరం వెంబడి రొయ్యల చెరువుల్లో సున్నం, బ్లీచింగ్ పౌడరు చల్లటం మామూలు పని. సున్నం క్షారం. యాసిడ్ పడినచోట మాంసకృత్తులు గడ్డకట్టి అది లోపలికి పోకుండా కొంత అడ్డుపడతాయి, క్షారం అలా ఆగదు, కణాలను కరిగించుకుంటూ లోతుకు దిగుతుంది. గాలికి ఎదురుగా నిలబడి సున్నం చల్లే మనిషికి పక్కలు తెరిచి ఉన్న కళ్ళజోడు వల్ల రక్షణ లేదు. గాగుల్స్ కొన్నా, వాటి చుట్టూ సూటి రంధ్రాలు ఉంటే తుంపర లోపలికి వస్తుంది. గాలి వంకర దారిన వచ్చే రకం కావాలి. ఈఎన్ 166 ఫ్రేము మీద 3 అంకె ఉంటే ద్రవపు తుంపరలకు, 4 ఉంటే ముతక ధూళికి, 5 ఉంటే వాయువులకూ సన్నటి ధూళికీ పనికివస్తుంది. రొయ్య పిల్లలను ఉత్పత్తిచేసే హేచరీలో ఫార్మలిన్ అనే రసాయనపు ఆవిరి ఉన్నచోట 3 సరిపోదు. అదే హేచరీలో నీటిని శుద్ధిచేసే అతినీలలోహిత దీపాన్ని వెలుగుతుండగా మూత తెరిచి చూసినవారికి వెల్డింగ్ కొట్టినట్టే అవుతుంది.

సున్నం పడితే ఆసుపత్రికి పరుగెత్తక ముందే కడగాలి. శుభ్రమైన నీటితో, పై రెప్ప ఎత్తి పట్టుకుని, కనీసం 15 నిమిషాలు, వీలైతే అరగంట ఆపకుండా కడిగి, ఆ తరువాతే బయలుదేరాలి. సున్నానికి విరుగుడని నిమ్మరసం వేయకూడదు. చెరువు గట్టు మీద సున్నం బస్తా దించేటప్పుడే పక్కన ఒక డ్రమ్ము మంచినీళ్ళు ఉంచమని నేను రైతులను అడుగుతుంటాను.

అపోహ: లేజర్‌కూ, ఎక్స్‌రేకూ ముదురు రంగు అద్దాలు సరిపోతాయి.

ఇప్పుడు మన ఊళ్ళలోనూ చర్మ చికిత్సకు లేజర్లు వచ్చాయి. లేజర్ అద్దం దాని మీద రాసిన తరంగదైర్ఘ్యాలకు (కాంతి రకాన్ని చెప్పే కొలతలకు) మాత్రమే పనిచేస్తుంది. 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి చేసిన అద్దం 1064 నానోమీటర్ల కాంతిని నేరుగా వదిలేయవచ్చు, ఆ 1064 కంటికి కనబడదు గనుక రెప్ప కూడా మూసుకోదు. అద్దం మీద తరంగదైర్ఘ్యం, దాని పక్కన ఓడీ అంకె (కాంతిని ఎంత ఆపుతుందో చెప్పేది) రెండూ చూడాలి. ఓడీ 5 అంటే లక్షలో ఒక వంతు కాంతి మాత్రమే లోపలికి వస్తుంది. ఎక్స్‌రే విషయంలో రంగు ఏమీ చేయదు, సీసం కలిసిన గాజే కావాలి. గుండె నాళాల పరీక్ష గదుల్లో కిరణాలు ఎక్కువగా రోగి శరీరం నుంచి చెదిరి పక్కల నుంచి వస్తాయి గనుక, 0.5 లేదా 0.75 మిల్లీమీటర్ల సీసానికి సమానమైన అద్దాలకు పక్క కవచం కూడా ఉండాలి. శుక్లాల ముప్పును చూసి అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2011లో కంటి కటకపు వార్షిక పరిమితిని 150 మిల్లీసీవర్టుల (రేడియేషన్ మోతాదు కొలత) నుంచి, అయిదేళ్ళ సగటుగా 20కి తగ్గించమని సూచించింది.

అపోహ: పొలం పనికి అద్దాలు ఎందుకు?

నెల్లూరు పెన్నా ఆయకట్టులో కోతల రోజుల్లో వరి ఆకు గీసుకున్న కన్ను, వడ్ల పొట్టు పడిన కన్ను నాలుగైదు రోజుల్లో తెల్లమచ్చతో వస్తుంది. అది తరచుగా శిలీంధ్రపు పుండు. అడగకుండా కొన్న స్టెరాయిడ్ చుక్కలు దాన్ని పెంచుతాయి. కళ్ళ చుట్టూ తిరిగి ఉండే తేలికపాటి తెల్లద్దాలు ఈ పనికి సరిపోతాయి.

అపోహ: ఆవిరి పడితే పని కనబడదు, తీసేయటమే మేలు.

ఈ ఫిర్యాదు నిజమైనదే, దాన్ని కొట్టిపారేసే మేస్త్రిని నేను సమర్థించను. చెమట ఆగని మన వేసవిలో గాలి ఆడని గాగుల్స్‌ను రోజంతా పెట్టుకోమనటం అన్యాయం. ఆవిరి పట్టని పూత ఉన్న వాటి మీద ‘ఎన్’ అనీ, సన్నటి గీతలకు ఆగే వాటి మీద ‘కే’ అనీ ఉంటుంది. గ్రానైట్ బురద పడిన అద్దాన్ని పొడి గుడ్డతో తుడిస్తే ఆ పొడే దాన్ని గీస్తుంది, ముందు నీళ్ళు పోసి, తరువాత సబ్బు నీటితో కడిగి నీడన ఆరబెట్టాలి. గీతలు పడి మసకబారిన అద్దాన్ని మార్చకుండా పెట్టుకోమంటే ఎవరూ పెట్టుకోరు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే కంటి రక్షణకు 35వ సెక్షన్ పెట్టారు, తగిన అద్దాలు సమకూర్చే బాధ్యతను యజమాని మీదే ఉంచారు. యజమానులు కొనేముందు రెండు మూడు రకాలు తెప్పించి, పనిచేసేవారికే ఇచ్చి, ఒక షిఫ్టు పూర్తిగా పెట్టుకుని చూడమని అడగాలి. ముక్కు మీద ఒత్తేవి, చెవుల వెనక కోసేవి, పక్కన ఖాళీ వదిలేవి ఆ ఒక్క షిఫ్టులోనే తేలిపోతాయి.