సొంతంగా వైరింగ్ చేశాక కారు మొరాయిస్తే: అపోహలు – వాస్తవాలు

కొత్త స్టీరియోనో ఫాగ్ ల్యాంపులో ఇంట్లోనే బిగించుకున్నాక సగం లైట్లు వెలగకపోతే, చాలామందికి మొదట పట్టుకునే టెన్షన్ "ఈసీయూ (కారులోని కంప్యూటర్) కాలిపోయిందేమో" అని. ఆటో ఎలక్ట్రీషియన్‌గా నేను చెప్పేది ఒకటే: చివరగా ఎక్కడ చెయ్యి పెట్టారో మొదట అక్కడే వెతకండి. ఇలా వచ్చే బళ్లలో ఎక్కువ భాగం ఒక ఫ్యూజు, ఒక వదులైన ఎర్త్ (కారు బాడీకి బిగించే నెగెటివ్ కనెక్షన్), లేదా నలిగిన వైరు దగ్గరే తేలిపోతాయి.

అపోహ: ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే కాస్త పెద్దది వేస్తే సరి.

వాస్తవం: దయచేసి ఈ పని మాత్రం చేయకండి. ఫ్యూజు పెట్టేది ముఖ్యంగా వైరును కాపాడడానికి. 10 ఆంప్స్ ఎర్ర ఫ్యూజు ఉన్నచోట 20 ఆంప్స్ పసుపుది పెడితే షార్ట్ (కరెంటు వైరు నేరుగా కారు రేకుకు తగలడం) ఎక్కడికీ పోదు. ఫ్యూజుకు బదులు డ్యాష్‌బోర్డు వెనక వైరు వేడెక్కి, తొడుగు కరిగి, పక్క వైర్లకూ అంటుకుంటుంది. బళ్లు తగలబడేది ఇలాగే.

షార్ట్ ఎక్కడుందో పట్టుకోవడానికి ఫ్యూజుల మీద ఫ్యూజులు తగలేయక్కర్లేదు. ఆ లైనులోని పరికరాలన్నీ ఊడదీసి, ఫ్యూజు తీసిన చోట దాని కాళ్లు దిగే రెండు గాళ్ల మధ్య 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలపండి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే బల్బు నిండుగా వెలిగితే షార్ట్ ఉన్నట్టే. అయినా కరెంటు 2 ఆంప్స్ దాటదు కాబట్టి వైరుకు ప్రమాదం లేదు. ఇక మీరు కొత్తగా వేసిన అతుకులు ఒక్కొక్కటే విప్పుతూ, వైరును అటూఇటూ కదుపుతూ పొండి. ఎక్కడ బల్బు ఆరిపోతే తప్పు అక్కడే. స్టీరియో వెనక రేకు అంచు కింద నలిగిన వైరు చాలాసార్లు దొరుకుతుంది. తొడుగు మీద సన్నటి గాటు, అందులోంచి రాగి మెరుపు, పక్కన రేకు మీద చిన్న నల్లమచ్చ. దాన్ని సరిచేశాక మళ్లీ అసలు సైజు ఫ్యూజే వేయాలి.

అపోహ: మీటరు 12 వోల్టులు చూపిస్తోంది కదా, వైరు బాగానే ఉంది.

వాస్తవం: లోడ్ లేనప్పుడు ఒక్క పోగు మిగిలినా మీటరు 12 చూపిస్తుంది. లైటు వేయగానే ఆ పోగు మోయలేదు. అందుకే లైటు వెలుగుతుండగానే కొలవాలి. మీటరు ఒక మొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ల్యాంపు ఎర్త్ మీద పెట్టండి. 0.2 వోల్టులు దాటితే ఎర్త్‌ని అనుమానించాలి. పెయింటు మీదే స్క్రూ బిగించి ఎర్త్ ఇచ్చామనుకునేవాళ్లు చాలామంది. పెయింటు గీకి, లోహం తేలాక బిగించండి. బ్రేకు నొక్కితే ఇండికేటర్ మసకబారడం లాంటి వింతలకు కూడా చాలావరకు కారణం ఇదే.

అపోహ: బ్యాటరీ ప్లస్, మైనస్ తిరగేసి కలిపితే అన్నీ పోయినట్టే.

వాస్తవం: తరచూ మెయిన్ ఫ్యూజే ముందు పోతుంది. అది మార్చాక ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర కొలవండి. సాధారణంగా 13.5 నుంచి 14.7 వోల్టులు రావాలి. 12 దగ్గరే ఉండి ఇంకా దిగుతుంటే, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు చూపించుకోవాలి.

అపోహ: రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతే బ్యాటరీదే తప్పు.

వాస్తవం: స్టీరియో పసుపు, ఎర్ర వైర్లు రెండూ కలిపి నేరుగా బ్యాటరీ లైనుకు ఇచ్చారేమో చూడండి. ఎర్రది ఇగ్నిషన్‌తో వచ్చే లైనుకే పోవాలి, లేకపోతే బండి ఆపినా స్టీరియో బ్యాటరీని వాడుతూనే ఉంటుంది.

అపోహ: టెస్ట్ ల్యాంప్ (వైరులో కరెంటు ఉందో లేదో చూసే బల్బు పరికరం) చేతిలో ఉంటే ఏ వైరైనా గుచ్చి చూడొచ్చు.

వాస్తవం: పసుపు కనెక్టర్ల జోలికి వెళ్లకండి. అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి. టెస్ట్ ల్యాంప్ గుండా పోయే ఆ కాస్త కరెంటుకే బ్యాగు పేలే ప్రమాదం ఉంది. ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు దగ్గర పైన చెప్పిన బల్బు పద్ధతి కూడా వద్దు. స్టీరింగ్ దగ్గర పని ఉంటే బ్యాటరీ నెగెటివ్ తీసి, మీ కారు మాన్యువల్ చెప్పినంత సేపు ఆగాకే మొదలుపెట్టండి.