హాల్‌మార్క్ ఉంటే మోసం లేనట్టేనా?

బంగారం పరీక్షించి హాల్‌మార్క్ వేసే కేంద్రంలో నా ఉద్యోగం. పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే కౌంటర్ దగ్గరికొచ్చే జనం నుంచి మా చుట్టాల దాకా అందరిదీ ఒకటే ప్రశ్న: "హాల్‌మార్క్ ఉంది కదండీ, ఇంక మోసం ఉండదుగా?" దానికి తోడు వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: హాల్‌మార్క్ ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: అది చెప్పేది వన్నె గురించి మాత్రమే. 22కే916 అని ఉంటే ఆ నగలోని లోహంలో వెయ్యి పాళ్ళకి 916 పాళ్ళు బంగారం అని అర్థం. అంతకుమించి ఒక్క ముక్క కూడా కాదు. నగలో రాళ్ళ బరువెంత, తరుగు ఎంత వేశారు, అడిగిన ధర న్యాయమేనా అన్నవాటికి ఆ ముద్ర పూచీ పడదు.

మొదటి నుంచీ దాని పని అదే. ఇంగ్లండులో 1300లో ఎడ్వర్డ్ రాజు కాలంలో చట్టం తెచ్చి, కంసాలి సంఘం పెద్దలను కార్ఖానాల వెంట తిప్పి వెండి, బంగారం వన్నె చూసి రమ్మన్నారు. 1478 నుంచి పద్ధతి మారింది. కంసాలులే తమ సరుకు పట్టుకుని లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ హాల్‌కి రావాలి, అక్కడ జీతానికి పెట్టిన పరీక్షకుడు చూసి ముద్ర వేయాలి. ఆ హాల్లో వేసే మార్కు కాబట్టి హాల్‌మార్క్ అయింది. అమ్మేవాడు కాకుండా మూడో మనిషి చూశాడన్నదే దాని విలువ. ఆ మూడో మనిషి వన్నె చూస్తాడు, బిల్లు చూడడు.

డబ్బు పోయేది ఆ బిల్లులోనే. ఒకావిడ కూతురి పెళ్ళికి కొన్న కెంపుల హారం పట్టుకుని వచ్చింది. మనిషిలో టెన్షన్ తెలుస్తోంది. ఎవరో "అది 18 క్యారెట్లే అయ్యుంటుంది" అన్నారట, రాత్రి నిద్ర లేదంది. పరీక్ష చేస్తే నిక్షేపంలాంటి 916. "నా తల్లే" అని హారాన్ని కళ్ళకద్దుకుంది. ఆ సంతోషం చెడగొట్టాలని నాకు లేదు గానీ, బిల్లు చేతిలో పెట్టింది కాబట్టి చూడక తప్పలేదు. అందులో గ్రాస్ బరువు ఒక్కటే ఉంది. రాళ్ళూ పూసలూ లోపలి లక్కా అన్నీ కలిపి బంగారం రేటు కట్టారు. "రాళ్ళు తీసెయ్యలేదామ్మా?" అంటే, "హాల్‌మార్క్ నగకి అలా తీయరని చెప్పారు బాబూ" అంది.

ఏ హాల్‌మార్క్ రూలులోనూ అలా లేదు. ఆ హారం లెక్క కాకుండా, సులువు కోసం గ్రాము 10,000 రూపాయలనుకుని ఒక లెక్క వేద్దాం. హారం మొత్తం 48.2 గ్రాములు, అందులో రాళ్ళూ పూసలూ 5.7 గ్రాములు. అంటే గాజు ముక్కలకో, రంగు రాళ్ళకో బంగారం ధరకి 57,000 కట్టినట్టు. తరుగు 15 శాతం కూడా మొత్తం బరువు మీదే వేస్తే ఇంకో 8,550. మొత్తం 65,550 గాలికి పోయింది, దాని మీద జీఎస్టీ అదనం. కొన్ని బిల్లుల్లో కింద 'రాళ్ళ ఖరీదు' అని మళ్ళీ వేరే లైను కూడా ఉంటుంది, అంటే ఒకే రాయికి రెండుసార్లు. రేపు అదే నగ మార్చుకోవడానికి వెళ్తే మాత్రం రాళ్ళు ముందే తీసేసి తూస్తారు. కొన్నప్పుడు బంగారమైన రాయి, అమ్మేటప్పుడు రాయే అవుతుంది. నల్లపూసల గొలుసుదీ ఇదే కథ, గుట్టపూసల హారానిదీ ఇదే కథ.

హాల్‌మార్క్ నగ బిల్లులో నికర బంగారం బరువు, అంటే నెట్ వెయిట్, వన్నె, హాల్‌మార్క్ ఛార్జీ విడివిడిగా ఉండాలని బీఐఎస్ (సరుకుల ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నిబంధన. అడిగి రాయించుకోవడం మన హక్కు, మొహమాటపడే పని లేదు. తరుగు ఎన్ని గ్రాముల మీద వేస్తున్నారో కూడా అప్పుడే అడగాలి. తరుగు అంటే నగ చేసేటప్పుడు పోయే బంగారం అని చెబుతారు. మా మేనమామ కంసాలి. ఆయన కుంపటి ముందు కూర్చున్న చోట చాప దులిపి, నేల ఊడ్చి, ఆ దుమ్ము కూడా దాచి పెట్టేవాడు. దాన్ని కడిగి బంగారం తీసే మనుషులు వీధుల్లో తిరిగేవాళ్ళు. ఇప్పుడు మెషీన్ మీద అచ్చు కొట్టిన గొలుసుకి 20 శాతం తరుగు అంటే అది పేరుకి తరుగు, అసలుకి మజూరీ, లాభం. బేరం ఆడొచ్చు, ఆడండి.

అపోహ: '916 కేడీఎం' అని చెక్కి ఉంటే హాల్‌మార్క్ ఉన్నట్టే.

వాస్తవం: అది కొట్టువాడి మాట, మూడో మనిషిది కాదు. కేడీఎం అంటే కాడ్మియం కలిపిన టంకం, నగ ముక్కలు అతికించే లోహం. పూర్వం టంకంలో రాగి, వెండి ఎక్కువ వేసేవాళ్ళు, నగ కరిగిస్తే వన్నె పడిపోయేది. కాడ్మియం వేడికి ఆవిరైపోతుంది కాబట్టి వన్నె నిలిచేది, అందుకే ఆ పేరుకి మోజు. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ళ ఊపిరితిత్తులు పాడయ్యేవి. కాడ్మియం వాడకానికి బీఐఎస్ ఒప్పుకోదు. అసలు హాల్‌మార్క్‌లో ఇప్పుడు మూడే ఉంటాయి: త్రికోణంతో ఉండే బీఐఎస్ గుర్తు, 22కే916 లాంటి వన్నె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకి విడిగా ఇచ్చే నంబరు. హాల్‌మార్క్ తప్పనిసరి అయింది 2021 జూన్ 16 నుంచి, దశలవారీగా జిల్లాలు పెంచుకుంటూ. హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదన్నది 2023 ఏప్రిల్ 1 నుంచి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. వన్నె ఒక్కటే కాదు, వస్తువు ఏమిటో కూడా చూడండి. చేతిలో గొలుసు ఉండి యాప్‌లో ఉంగరం అని వస్తే ఆ నంబరు దానిది కాదు.

'22 క్యారెట్ ఉంగరంలో అర క్యారెట్ వజ్రం' అన్నప్పుడు రెండు క్యారెట్లూ ఒకటి కావు. బంగారానికి అది 24లో ఎన్ని పాళ్ళు అన్న లెక్క, వజ్రానికి బరువు. మనకి గురివింద గింజ ఎలాగో, మధ్యధరా తీరంలో తూకానికి కారబ్ గింజ అలాగ, క్యారెట్ అన్న మాట దాన్నుంచే. రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ బంగారు నాణెం 24 గింజల ఎత్తు, బంగారం లెక్కలో 24 అక్కడిదే. వజ్రాల క్యారెట్‌ని 1907లో 200 మిల్లీగ్రాములుగా ఖాయం చేశారు. అర క్యారెట్ అంటే 100 మిల్లీగ్రాములు, అంతే.

ఇక మిగతావి. అమ్మమ్మ నాటి నగలకి హాల్‌మార్క్ లేకపోతే చెల్లవా? చెల్లుతాయి, అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు. ఆ రూలు అమ్మే షాపుకి, ఇంట్లో బీరువాకి కాదు. పాత టంకం వల్ల వన్నె కొంచెం తగ్గి రావచ్చు, అంతమాత్రాన మీ తాతగారిని ఎవరో మోసం చేశారని కాదు. 500 గ్రాములు దాటితే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు పట్టుకుపోతారా? సోదా జరిగినప్పుడు పెళ్ళయిన స్త్రీ దగ్గర 500, పెళ్ళికాని స్త్రీ దగ్గర 250, పురుషుడి దగ్గర 100 గ్రాముల వరకు స్వాధీనం చేసుకోవద్దన్న ఆదేశం అది. లెక్క చూపించగలిగితే ఎంతైనా ఉండొచ్చు. అయస్కాంతం అంటుకోకపోతే అసలు బంగారమా? రాగి, వెండి కూడా అంటుకోవు.

అనుమానం ఉంటే నగని బీఐఎస్ గుర్తింపు ఉన్న ఏ పరీక్షా కేంద్రానికైనా తీసుకెళ్ళొచ్చు. నాలుగు వస్తువుల వరకు కలిపి 200 రూపాయలు. ఎక్స్‌రే మెషీన్‌లో పెడితే నగకి గీత కూడా పడదు. పుటం పెట్టి చూడాలంటేనే కొంచెం లోహం తీయాలి, అది ముందే చెబుతారు. హాల్‌మార్క్ వేసిన నగలో వన్నె తగ్గినట్టు తేలితే, ఆ తేడా విలువకి రెట్టింపు సొమ్ము, పరీక్ష ఖర్చు అమ్మిన షాపువాళ్ళే ఇవ్వాలి. అందుకే బిల్లు జాగ్రత్త. అది లేకపోతే ఎక్కడ కొన్నారో రుజువు చేయడమే పెద్ద పని.