పొటాటోని మళ్ళీ బూట్ చేద్దాం

చిరంజీవులకు,

మీ అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న సెలవులకి వచ్చినప్పుడు నా లాప్‌టాప్‌లో నల్లటి విండో, అందులో తెల్లటి అక్షరాలు గబగబా పైకి పోవడం చూసి "అమ్మమ్మా, ఇది పాడైపోయిందా?" అని అడిగారు. ఇంతలో మీ అమ్మ అన్నానికి పిలిచింది, మాట అక్కడే ఆగిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

అది పాడవలేదు. అది 2000 ఆగస్టు 15న విడుదలైన డెబియన్ 2.2, అంటే విండోస్ లాగా కంప్యూటర్‌ని నడిపించే లినక్స్ సిస్టం. మనకి జెండా పండుగ రోజు కాబట్టి ఆ తేదీ నేను మర్చిపోను. డెబియన్ వాళ్ళు తమ విడుదలలకి టాయ్ స్టోరీ సినిమాలోని పాత్రల పేర్లు పెడతారు. దీనికి వచ్చిన పేరు పొటాటో, అంటే మన ఇంట్లో మాటగా ఆలుగడ్డ. 450 మందికి పైగా మనుషులు తలా కొన్ని చూసుకుంటూ 3,900 పైచిలుకు ప్యాకేజీలని, అంటే ఎక్కించుకోడానికి సిద్ధంగా కట్టిన ప్రోగ్రాంలని, ఒక్కచోటికి తెచ్చి, ఉచితంగా, సోర్స్ కోడ్‌తో (ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠంతో) సహా పెట్టారు.

అంత పాతది ఇప్పటి లాప్‌టాప్‌లో ఎలా నడుస్తుంది? నేరుగా అయితే సాధారణంగా నడవదు. పొటాటో కెర్నెల్‌కి, అంటే హార్డ్‌వేర్‌తో మాట్లాడే దాని లోపలి భాగానికి, తను పుట్టాక వచ్చిన డిస్కులు, వైఫై చిప్పులు ఏవీ తెలియవు. అందుకని దానికి తెలిసిన హార్డ్‌వేర్ ఉన్నట్టు చూపించే ప్రోగ్రాం కావాలి. అదే వర్చువల్ మెషీన్. నేను వాడేది క్యూఎము. ఫాబ్రీస్ బెల్లార్డ్ అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ 2003లో మొదలుపెట్టారు, అదీ ఓపెన్ సోర్సే. పొటాటో "ఐడీఈ రకం డిస్క్ ఉందా?" అని అడిగితే క్యూఎము "ఉంది" అంటుంది. పొటాటో అందులో రాసుకున్నదంతా నిజానికి మీ లాప్‌టాప్‌లో ఒక్క ఫైల్‌లోకి వెళ్తుంది. నెట్‌వర్క్ కార్డ్ అడిగితే ఆ రోజుల్లో చవకగా ఎక్కడ పడితే అక్కడ దొరికిన ఎన్ఈ2000 రకం కార్డ్‌ని చూపిస్తుంది. పాపం దానికి తేడా తెలియదు. ర్యామ్ 64 ఎంబీ ఇవ్వండి, చాలు. మీ లాప్‌టాప్‌లో ఉన్న 8 జీబీలో అది 128వ వంతు.

అప్పట్లో నేను ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. లినక్స్ ఎక్కించాలంటే ముందు డిస్క్‌ని పార్టిషన్ చేయాలి, అంటే భాగాలుగా విడగొట్టాలి. ఒకరోజు సాయంత్రం తప్పు లైన్ ఎంచుకుని, ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టులున్న భాగాన్ని చెరిపేశాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. వాళ్ళ ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇక గ్రాఫిక్స్ స్క్రీన్ తెచ్చుకోవడం ఇంకో టెన్షన్. మానిటర్ అడ్డంగా, నిలువుగా ఎంత ఫ్రీక్వెన్సీ తట్టుకుంటుందో మనమే ఫైల్‌లో రాయాలి. అంకె తప్పితే మానిటరే దెబ్బతినవచ్చని హెచ్చరించేవాళ్ళు. ఊపిరి బిగబట్టి ఎంటర్ కొట్టేవాళ్ళం.

మీకు ఆ భయం అక్కర్లేదు. వర్చువల్ మెషీన్ ఆ క్షణంలో ఎలా ఉందో దాచే స్నాప్‌షాట్ తీసి పెట్టుకోండి, ఏది చెడినా వెనక్కి వెళ్ళిపోవచ్చు. కావాలనే పార్టిషన్లు చెరపండి, ఫ్రీక్వెన్సీ తప్పు రాయండి. నాకు దొరకని అవకాశం అది.

డెబియన్ వాళ్ళు పాత విడుదలల్ని తమ ఆర్కైవ్‌లో దాచి ఉంచారు. ఫ్లాపీ అంటే అప్పటి చిన్న డిస్క్. అందులోంచి పొటాటో రెస్క్యూ ఫ్లాపీ, రూట్ ఫ్లాపీల ఇమేజ్‌లు, అంటే వాటి నకలు ఫైళ్ళు, తెచ్చుకోండి. ఒక్కోటి 1.44 ఎంబీ. రెస్క్యూతో బూట్ అయ్యాక రూట్ ఫ్లాపీ పెట్టమంటుంది, అప్పుడు క్యూఎముకి ఆదేశాలిచ్చే విండోలో (దాన్ని కూడా మానిటర్ అనే అంటారు) ఫ్లాపీ మార్చాలి. లేని ఫ్లాపీని మార్చడం మీకు వింతగా ఉంటుంది. లైసెన్స్ నంబర్ ఏదీ అడగదు. అదే కాలపు, సోర్స్ కోడ్ మూసి ఉంచిన సిస్టంలని మీతో ఇలా పంచుకునే హక్కు నాకు లేదు. దీన్ని పంచుకోమని చేసినవాళ్ళే రాసిపెట్టారు. ఒక్క జాగ్రత్త: దాని భద్రతా లోపాలని సరిచేసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. మీ అసలు పాస్‌వర్డ్‌లు అందులో టైప్ చేయకండి.

లోపలికి వెళ్ళాక మీరు చూడాల్సింది ఒకటుంది. పొటాటో విడుదలని జోయెల్ క్లెకర్ అనే డెవలపర్‌కి అంకితమిచ్చారు. అతన్ని అందరూ ఎస్పీ (Espy) అనే మారుపేరుతో పిలిచేవాళ్ళు. విడుదలకి నెల ముందు, 2000 జూలైలో, 21 ఏళ్ళకే పోయాడు. కండరాలు క్రమంగా చచ్చుబడిపోయే డుషేన్ అనే జబ్బు. డెబియన్‌లో పనిచేసిన కాలంలో చాలాభాగం మంచం మీదే ఉన్నాడు, తోటివాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు. అతను చూసుకున్న ప్యాకేజీల్లో జీలిబ్‌సీ ఒకటి, దాదాపు ప్రోగ్రాంలన్నీ ఆధారపడే మూల లైబ్రరీ. మీరు ఫైళ్ళ జాబితా చూడాలని ఎల్ఎస్ కొట్టినా, తేదీ అడిగినా, ఆ పని దాని మీదుగానే జరుగుతుంది. ఆ ప్యాకేజీ డాక్యుమెంట్ల ఫోల్డర్‌లో చేంజ్‌లాగ్, అంటే మార్పుల చిట్టా, ఉంటుంది, తెరవండి. ఏ మార్పు ఎందుకు చేశాడో, ఏ తేదీన, ఎన్ని గంటలకి చేశాడో, కింద అతని పేరుతో ఉంటుంది. నేను మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు స్క్రోల్ చేయలేకపోయాను. ఫొటోలో చూస్తే ఇది తెలియదు, నడుస్తున్న సిస్టం లోపల కూర్చుని చదవాలి.

పొటాటోలో మీ పేరు తెలుగులో రాయడానికి ప్రయత్నించకండి, రాదు. ప్రపంచంలోని లిపుల అక్షరాలకి అంకెలు కేటాయించే యూనికోడ్‌లో మన లిపికి 1991లోనే చోటు దొరికింది. కానీ చోటు ఉన్నంత మాత్రాన 'స్త్రీ' అని రాస్తే వత్తులూ గుడి దీర్ఘమూ వాటంతటవే సర్దుకోవు. వాటిని పేర్చే ప్రోగ్రాం వేరే కావాలి. అందుకే పొటాటో పక్కనే ఇంకో వర్చువల్ మెషీన్‌లో డెబియన్ 6.0 కూడా ఎక్కించండి. 2011లో వచ్చింది. దాని గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో భాషల జాబితాలో తెలుగు ఉంటుంది. టెక్స్ట్ ఇన్‌స్టాలర్‌లో మాత్రం ఉండదు, ఆ స్క్రీన్‌కి మన వత్తులు పేర్చడం చేతకాదు కాబట్టి. ఆ తెలుగు వాక్యాలని ఎవరో కూర్చుని ఒక్కొక్కటిగా అనువదించారు. కొన్ని మాటలు మీకు ఎబ్బెట్టుగా అనిపిస్తే నాకు రాసి పంపండి, వాటికి ఏ మాట బాగుంటుందో కలిసి ఆలోచిద్దాం.

గ్రాఫిక్స్ రాకపోతే కంగారు పడకండి. క్యూఎములో సిర్రస్ వీడియో కార్డ్ ఎంచుకోండి, అప్పటికీ రాకపోతే ఎక్స్ (గ్రాఫిక్స్ చూపించే ప్రోగ్రాం) సెట్టింగుల ఫైల్ నాకు పంపండి. ముందు మాత్రం రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా, లాగిన్ అయి, ఎట్‌సీ (/etc) ఫోల్డర్‌లో డెబియన్ వెర్షన్ (debian_version) అనే ఫైల్ తెరవండి. అందులో 2.2 అని ఒక్క ముక్కే ఉంటుంది. అది కనిపించగానే ఫోన్ చేయండి. రాత్రి పది దాటినా పర్వాలేదు, మేలుకునే ఉంటాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ