మిద్దె మీద నుంచి శాటిలైట్ పట్టడం: నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

కడపలో మా మిద్దె మీద సాయంత్రం పూట యాంటెన్నా పట్టుకుని నిలబడితే పక్కింటివాళ్లు మొదట్లో అనుమానంగా చూసేవాళ్లు. ఇప్పుడు అలవాటైపోయి "ఏమబ్బా, ఈ పొద్దు వస్తాదా?" అని వాళ్లే అడుగుతున్నారు. హ్యామ్ రేడియో (సరదా కోసం సొంతంగా నడిపే రేడియో) లైసెన్స్ తీసుకున్నప్పటి నుంచి శాటిలైట్ల వెంట పడటమే నా పిచ్చి. ఆ మిద్దె మీద చెవిన పడ్డ మాటలే ఇవి.

అపోహ: శాటిలైట్ మన ఊరి మీదే గిరగిరా తిరుగుతుంటుంది

మిగతా తికమకంతా ఇక్కడే మొదలవుతుంది, అందుకని దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. ఐఎస్‌ఎస్, అదే అంతరిక్ష కేంద్రం, సుమారు 420 కిలోమీటర్ల ఎత్తులో 93 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. దాని కక్ష్యను భూమికి ఏటవాలుగా తొడిగిన గాజు అనుకోండి, భూమధ్యరేఖతో 51.6 డిగ్రీల వాలు. గాజు దాదాపు ఉన్నచోటే ఉంటుంది, లోపల భూమి తిరుగుతుంటుంది, భూమితో పాటు కడప, కడపతో పాటు మా మిద్దె. ఐఎస్‌ఎస్ ఒక చుట్టు ముగించేసరికి మనం 23 డిగ్రీలు తూర్పుకు జరిగిపోయి ఉంటాం. కాబట్టి ఇప్పుడు నైరుతి నుంచి ఈశాన్యానికి సరిగ్గా నెత్తి మీదుగా పోయిందంటే, తర్వాతి చుట్టులో అది మన అక్షాంశాన్ని దాటేది ఇక్కడికి 2,500 కిలోమీటర్లు పడమర, అరేబియా సముద్రం మీద. మనకు వాయవ్యంలో ఇళ్ల వెనకాల ఆకాశం అంచున కాసేపు ఉంటుంది, అంతే, అది కూడా మేడలు అడ్డం లేకపోతే.

గాజు "దాదాపు" ఉన్నచోటే ఉంటుందన్నాను కదా, ఆ దాదాపే నా కొంప ముంచేది.

అపోహ: నిన్న 7:10కి కనిపించింది, ఈ రోజూ 7:10కే వస్తుంది

రాదు. భూమి పూర్తి గుండ్రం కాదు, నడుము దగ్గర కాస్త ఉబ్బు ఉంది. ఆ ఉబ్బు లాగడం వల్ల ఐఎస్‌ఎస్ గాజు రోజుకి సుమారు 5 డిగ్రీలు పడమరకు తిరిగిపోతుంది, దాంతో పాస్‌లు, అంటే అది మన ఆకాశంలో దాటే వేళలు, రోజురోజుకీ ఇరవై నిమిషాలకు పైగా ముందే వచ్చేస్తుంటాయి. కొన్నాళ్లు సాయంత్రాలు కనిపించి, పట్టపగటికి జరిగిపోయి, ఇంకొన్నాళ్లకు తెల్లవారుజామున తేలుతుంది. ఫోటోలు తీసే శాటిలైట్లకు ఈ ఉబ్బే పనికొస్తుంది: సుమారు 98 డిగ్రీల వాలులో పెడితే గాజు రోజుకి ఒక డిగ్రీ తూర్పుకు తిరిగి సూర్యుడితో సమానంగా నడుస్తుంది, అందుకే మన కార్టోశాట్‌లు ఎప్పుడు చూసినా ఒకే స్థానిక సమయానికి దాటుతుంటాయి.

టైము అంటే గుర్తొచ్చింది. ఒకసారి పాస్‌ల లిస్టులో 19:10 అని చూసి వీధిలో పది మందిని మిద్దె ఎక్కించాను. అది యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైము. మన లెక్కలో అర్ధరాత్రి దాటాక 12:40, అప్పుడు ఐఎస్‌ఎస్ భూమి నీడలో ఉంటుంది, వచ్చినా కనపడదు. ఐదున్నర గంటలు కలపడం మర్చిపోయినందుకు అందరికీ టీ పెట్టించి పంపించాను.

ఈ లెక్కలన్నీ టీఎల్‌ఈ అనే రెండు లైన్ల అంకెల నుంచి వస్తాయి, లైనుకి 69 అక్షరాలు. వాలు ఎంత, గాజు ఎటు తిరిగి ఉంది, రోజుకి ఎన్ని చుట్లు (ఐఎస్‌ఎస్‌కి సుమారు 15.5), అన్నీ అందులోనే. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే చాలనుకోకండి. అంత ఎత్తులోనూ పలచగా గాలి ఉంటుంది, రాపిడికి ఐఎస్‌ఎస్ కిందికి దిగుతుంటుంది, మధ్యమధ్యలో ఇంజిన్ మండించి పైకి నెడతారు. 2022 ఫిబ్రవరిలో సూర్యుడి తుఫానుకి పై వాతావరణం ఉబ్బి, అప్పుడే పంపిన 49 స్టార్‌లింక్ ఇంటర్నెట్ శాటిలైట్లలో 38 రాలిపోయాయి. రెండు వారాల పాత టీఎల్‌ఈతో నిలబడితే చేతులు నొప్పి పుట్టడం తప్ప ఏమీ ఉండదు.

అపోహ: పెద్ద డిష్, లక్షల సామాను కావాలి

నా యాంటెన్నా పీవీసీ పైపు, దానికి బిగించిన స్టీల్ టేపు ముక్కలు, మేస్త్రీలు కొలతలకు వాడే టేపే. ఐఎస్‌ఎస్ రిపీటర్ (కింది నుంచి వచ్చిన మాటను పట్టి తిరిగి కిందికి పంపే రేడియో) ఆన్‌లో ఉంటే 437.800 మెగాహెర్ట్జ్‌లో వినొచ్చు, కానీ పాస్ మొదలయ్యేటప్పుడు సెట్‌ను 437.810 మీద పెట్టాలి. దగ్గరికొచ్చే రైలు కూత సన్నగా, పోయే రైలు కూత బొంగురుగా వినిపిస్తుంది చూడండి, అదే డాప్లర్ ఇక్కడా. మొదట గరగర, తర్వాత సగం మాట, 437.805కి దించగానే ఎవరిదో కాల్ సైన్ (హ్యామ్‌ల గుర్తింపు పేరు) తేటగా. నెత్తి మీదికి వచ్చేసరికి 800, ఆ తర్వాత 795, 790, మొత్తం పది నిమిషాల్లో అయిపోతుంది. ఆకాశం అంచున ఉన్నప్పుడు అది 2,300 కిలోమీటర్ల దూరంలో, నెత్తి మీద 420లో, అంటే సిగ్నల్‌లో సుమారు ముప్పై రెట్లు తేడా. మాకు దక్షిణం వైపు పాలకొండలు అడ్డం. అటు పోతే గువ్వలచెరువు పాలకోవా తెచ్చుకోవచ్చు గానీ, ఆ వైపు తక్కువ ఎత్తు పాస్ మాత్రం దొరకదు. ఒక్క మాట: వినడం వేరు, మాట్లాడాలంటే లైసెన్స్ ఉండాల్సిందే.

కంటితో వెతికేవాళ్లకు ఇంకో మాట: మిణుకుమిణుకుమని ఎర్ర లైటు వెలిగేది విమానం, శాటిలైట్‌కి లైట్లుండవు, మెరిసేది దాని మీద పడ్డ ఎండ.

అపోహ: అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి పడిపోదు

420 కిలోమీటర్ల ఎత్తులో అది మన దగ్గర ఉన్నదాంట్లో 90 శాతం దాకా ఉంటుంది. ఐఎస్‌ఎస్ పడుతూనే ఉంది, కాకపోతే సెకనుకి 7.66 కిలోమీటర్ల వేగంతో పక్కకు పోతుంది కాబట్టి భూమి వంపు అంతే వేగంగా కిందికి తప్పుకుంటుంది.

అపోహ: డిష్ టీవీ శాటిలైట్ కదలకుండా నిలబడి ఉంటుంది

అది సెకనుకి మూడు కిలోమీటర్లకు పైగా పరిగెత్తుతోంది. 35,786 కిలోమీటర్ల ఎత్తులో చుట్టు పూర్తి కావడానికి 23 గంటల 56 నిమిషాలు, భూమి తన చుట్టూ తాను తిరగడానికీ అంతే, అందుకే మనకు నిలబడినట్టుంటుంది. ఇది భూమధ్యరేఖ మీద మాత్రమే కుదురుతుంది, కడప నెత్తి మీద నిలబెట్టడం ఎవరి వల్లా కాదు. డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంలో, కాబట్టి కడపలో ఏ ఇంటి మీద చూసినా దాని డిష్ ఆగ్నేయానికే, సుమారు 66 డిగ్రీల ఎత్తుకు గురిపెట్టి ఉంటుంది. "వాస్తు చూసి పెట్టినారా?" అని మా మేనమామ అడిగాడు. మా డిష్‌కి శాటిలైట్‌తో ఎప్పుడూ సమస్య రాలేదు, కోతులతోనే. పట్టుకుని ఒక్క ఊపు ఊపితే చాలు, రెండు డిగ్రీలు పక్కకు పోయి టీవీ ఆగిపోతుంది, మళ్లీ స్పానర్ పట్టుకుని నేనే మిద్దె ఎక్కాలి.